ఒకే దారి ఉన్న పద్మవ్యూహం

శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కేథడ్రల్‌కు వెళ్ళినవారు అక్కడ నేలమీద పరచిన పెద్ద రాతిచక్రాన్ని చూసే వుంటారు. దాన్ని లాబిరింత్ అంటారు. చూడగానే మనకు పద్మవ్యూహం జ్ఞాపకం వస్తుంది. కాని ఇందులో అభిమన్యుడి భయం లేదు. చీలికలు లేని ఒకే దారి మెలికలు తిరుగుతూ నడిమికి చేరుస్తుంది. అదే దారిన వెనక్కు రావచ్చు.

దీనికి మాతృక ఫ్రాన్సులోని షార్త్ర్ కేథడ్రల్‌లో వుంది. 13వ శతాబ్దం మొదట్లో పరచిన ఆ చక్రం వెడల్పు సుమారు 13 మీటర్లు, వలయాలు 11, నడక 260 మీటర్ల పైమాటే. 1991లో గ్రేస్ కేథడ్రల్ మతాచార్యురాలు లారెన్ ఆర్ట్రెస్ అక్కడికి వెళ్ళి, చక్రంమీది కుర్చీలు జరిపి నడిచారు. తిరిగివచ్చి గుడ్డమీద నకలు వేయించారు. ఆపైన ఈ నడక ఎన్నో చర్చిలకు, ఆసుపత్రులకు పాకింది.

నా చేతిలో ఒక పేషెంటు పోయిన మర్నాడు నేనూ నడిచాను. రాత్రి ఇచ్చిన మందులన్నీ మనసులో మళ్ళీ లెక్కపెట్టుకుంటూ బయలుదేరాను. నడిమి దగ్గరపడిందనుకోగానే దారి మళ్ళీ అంచుకు తీసుకుపోయింది. చివరికి నడిమికి చేరేసరికి లెక్క ఆగిపోయింది. అందుకే ఈ నడకను తేలిగ్గా కొట్టివెయ్యలేను.

నా అభ్యంతరమల్లా దానికి తగిలించే కథమీదే. జెరూసలేం వెళ్ళలేని మధ్యయుగపు యాత్రికులు బదులుగా దీనిమీద నడిచేవారని తరచు చెబుతారు. ఆ కాలపు రాతల్లో అందుకు సాక్ష్యం లేదు. సాక్ష్యం వున్నది మరొకదానికి: ఒసేర్ కేథడ్రల్‌లో ఈస్టరునాడు మతాచార్యులు లాబిరింత్‌మీద నాట్యమాడుతూ బంతి విసురుకునేవారు. 1538లో దాన్ని మాన్పించారు. నేటి ప్రార్థన నడక చాలావరకు మన కాలం కట్టుకున్నదే. అలా చెప్పుకుంటే దాని విలువ తగ్గుతుందా? ఇక బి.పి. తగ్గిస్తుందన్న మాట. నెమ్మదిగా నడిస్తే ఎక్కడైనా మనసు కుదుటపడవచ్చు. అది ఈ వలయాల మహిమేనని వైద్యుడిగా నేను సంతకం పెట్టను.

ఈ విమర్శ మనకూ తగులుతుంది. గుడిలో ప్రదక్షిణం ఎందుకని పిల్లలు అడిగితే, “వేల ఏళ్ళనాటి సైన్సు” అని తప్పించుకుంటాం. వాళ్ళు పెద్దవాళ్ళై ఆరా తీసి, మన మాటతోబాటు ప్రదక్షిణాన్నీ వదిలేస్తారు. “మీ తాతయ్య చేసేవారు, చేస్తే నాకూ ఊరటగా వుంటుంది” అంటే చాలదా? అది నిజం. పిల్లలు ఎంత ఆరా తీసినా చెదరని జవాబు.