స్తంభం కనిపిస్తుంది, పిలుపు వినిపించదు

కూలిపోనున్న కట్టడాన్ని ఫోటో తీసి భద్రపరచడం మంచిపనే. కాని ఆ ఫోటో ఏది మిగిల్చింది, ఏది వదిలేసింది అని అడగడం విమర్శకుని విధి. ఓడలకూ విమానాలకూ దారి చెప్పిన రేడియో బీకన్లు ఒక్కొక్కటిగా మూతపడుతున్న యీ రోజుల్లో ఆ ప్రశ్నను వాయిదా వేయడానికి వీలులేదు.

అమెరికాలో ఓడలకు ఆధారమైన లోరాన్-సి ప్రసారాలు 2010 ఫిబ్రవరి 8న ఆగిపోయాయి. అలాస్కాలోని పోర్ట్ క్లారెన్స్‌లో 411 మీటర్ల ఎత్తున నిలిచిన లోరాన్ స్తంభాన్ని ఆ ఏప్రిల్ 28న పేల్చి పడగొట్టారు. విమానాలకు దిక్కు తెలిపే వి.ఓ.ఆర్. కేంద్రాలు ఆ దేశంలో 896 వుండగా, 300 పైచిలుకు మూసివేయాలని 2016లో నిర్ణయించారు. ఆ పనిలో అధికభాగం ఉపగ్రహాలకు దక్కింది.

ఇటువంటి కట్టడాలను ఫోటో తీసేవారికి ఒరవడి పెట్టినవారు జర్మన్ దంపతులు బెర్న్డ్ బెషర్, హిల్లా బెషర్. 1959 నుంచి వారు కలిసి పనిచేసి నీళ్ల ట్యాంకులనూ, బ్లాస్ట్ ఫర్నెస్‌లనూ, బొగ్గుగనుల మీది ఇనుప గోపురాలనూ ఫోటోలకెక్కించారు. మబ్బు పట్టిన ఆకాశం, ఎదురుగా పెట్టిన కెమెరా, మనిషి నీడైనా పడని చట్రం. ఒకే జాతి కట్టడాలను వరసలుగా పేర్చడం వారి పద్ధతి. 1970లో వెలువడిన వారి పుస్తకం పేరు ‘అనామక శిల్పాలు’. 1990లో వెనిస్‌లో వారికి బహుమానం వచ్చింది శిల్పకళకే. వారి నిష్ఠను నేను తక్కువ చేయను. డోర్ట్‌మండ్‌లోని త్సోలెర్న్ గని యంత్రశాలను కాపాడాలన్న ప్రయత్నంలో వారూ వున్నారు. 1969లో దానికి రక్షణ లభించింది.

అయినా యీ పద్ధతి బీకన్‌కు చాలదని నా వాదం. నీళ్ల ట్యాంకును చూస్తే దాని పని తెలుస్తుంది. అక్కడ రూపమే వస్తువును చెబుతుంది. బీకన్ అలాంటిది కాదు. దాని వస్తువు కంటికి కనబడదు. వి.ఓ.ఆర్.కు ముందు అమెరికా విమానమార్గాల్లో వాడిన రేడియో రేంజ్ పద్ధతినే చూడండి. దారికి ఒక పక్క మోర్స్ లిపిలో ‘ఎ’ అక్షరం, రెండో పక్క ‘ఎన్’ అక్షరం వినిపించేవి. సరైన దారిమీద ఆ రెండూ కలిసిపోయి ఎడతెగని ఒకే స్వరమయ్యేవి. మబ్బుల్లో ఏమీ కానరాని పైలట్ చెవిని నమ్ముకుని దిగేవాడు. ఆ స్వరం లేని ఫోటో, పాట పోయాక మిగిలిన తంబురా.

‘అనామక’మన్న మాట కూడా ఇక్కడ పొసగదు. ప్రతి వి.ఓ.ఆర్. కేంద్రమూ తన పేరును మోర్స్ అక్షరాల్లో మళ్లీ మళ్లీ చెప్పుకుంటూనే వుంటుంది. పేరు లేనివారు దాన్ని నిలబెట్టినవారు: స్తంభం ఎక్కి తీగ బిగించినవాడు, ప్రసారం దారి తప్పలేదని కొలిచి చూసినవాడు, అర్ధరాత్రి జనరేటర్‌ను నడిపించినవాడు. వారిని తొలగించి కట్టడాన్ని శిల్పమనడం శ్రమను తుడిచేసి అందాన్ని ప్రదర్శించడమే.

శిథిలాల మీద జాలి మరో ప్రమాదం. అది మూసివేతను కాలధర్మంగా చూపిస్తుంది. కాని మూసినది కాలం కాదు, ఖర్చు లెక్క వేసి సంతకం పెట్టిన చేయి. ఉపగ్రహ సంకేతం భూమికి చేరేసరికి ఎంతో బలహీనపడుతుంది; దాన్ని అడ్డగించడం కష్టం కాదు. అందుకే సుమారు 590 వి.ఓ.ఆర్. కేంద్రాలను వుంచాలని ఆ నిర్ణయంలోనే వుంది. బీకన్ పనికిమాలిన వస్తువైతే ఆ జాగ్రత్త ఎందుకు?

కనుక ఫోటో తీసేవారు తీయాలి. కాని దానితోపాటు కేంద్రం పేరు, ఫ్రీక్వెన్సీ, మోర్స్ పిలుపు, పనిచేసినవారి మాటలు, మూసిన తేదీ, మూయడానికి చెప్పిన కారణం కూడా చేర్చాలి. అప్పుడే అది రికార్డు. స్తంభాన్ని మరొకచోట మళ్లీ కట్టవచ్చు. ఆగిపోయిన పిలుపును ఎవరూ రికార్డు చేయకపోతే తర్వాత ఏ కెమెరా పట్టుకోలేదు.