ఓపెన్‌సీవీలో ఇమేజ్ సృష్టి, లోడింగ్, నకలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

5.1 పరిచయం

ఇమేజ్ అంటే అడ్డు, నిలువు వరుసల్లో అమర్చిన సంఖ్యల పట్టిక అని గత విభాగంలో తెలుసుకున్నారు. ఆ పట్టికను మెమరీలో తయారుచేయడం, ఫైలు నుంచి తెచ్చుకోవడం, దానికి నకలు తీయడం చాలా చిన్న పనులుగా కనిపిస్తాయి. కాని ఒక లైబ్రరీ మంచిచెడులు మొదట బయటపడేది ఇక్కడే. 1999లో ఇంటెల్ సంస్థలో మొదలైన ఓపెన్‌సీవీని ఈ దృష్టితో పరిశీలిద్దాం.

5.2 సృష్టించడం

తొలి రూపాంతరాల్లో సీ భాష పద్ధతి ఉండేది. ఇమేజ్ కోసం తీసుకున్న మెమరీని పని ముగిశాక ప్రోగ్రామరే విడుదల చేయాలి. మరచిపోతే, వీడియో వంటి పనుల్లో మెమరీ క్రమంగా నిండిపోతుంది. 2009లో వచ్చిన 2.0 రూపాంతరం సీ ప్లస్ ప్లస్‌లో మ్యాట్ అనే క్లాసును తెచ్చింది. ఒక పట్టికను ఎన్ని వేరియబుల్స్ వాడుతున్నాయో అది లెక్క ఉంచుతుంది. లెక్క సున్నా కాగానే మెమరీ దానంతటదే విడుదలవుతుంది. ఇది నిస్సందేహంగా పెద్ద మేలు.

అయితే ఒక అసంగతత్వం మిగిలిపోయింది. మ్యాట్‌కు కొలతలు ఇచ్చేటప్పుడు ముందు అడ్డువరుసల సంఖ్య, తరువాత నిలువువరుసల సంఖ్య రాయాలి: 480, 640. అదే కొలతను సైజ్ ద్వారా ఇస్తే ముందు వెడల్పు, తరువాత ఎత్తు: 640, 480. ఒకే లైబ్రరీలో రెండు వరుసక్రమాలు ఉండటం కొత్తవారిని తికమక పెడుతుంది. పైగా, కొలతలు, రకం మాత్రమే ఇచ్చి సృష్టించిన మ్యాట్‌లో సున్నాలు ఉంటాయని అనుకోకండి. అందులో ఏ విలువలైనా ఉండవచ్చు. నల్లని ఇమేజ్ కావాలంటే జీరోస్ ఫంక్షన్‌ను వాడండి.

5.3 ఫైలు నుంచి లోడ్ చేయడం

ఈ పని చేసే ఫంక్షన్ ఐఎంరీడ్. ఫైలు దొరకకపోతే అది ప్రోగ్రామును ఆపదు. సీ ప్లస్ ప్లస్‌లో ఖాళీ మ్యాట్‌ను, పైథాన్‌లో నన్ విలువను తిరిగి ఇస్తుంది. ఇటీవలి రూపాంతరాలు తెరపై హెచ్చరిక ముద్రిస్తాయి, కాని ప్రోగ్రాము ముందుకే సాగుతుంది. దోషం పుట్టేది ఒక చోట, కనిపించేది మరో చోట. పైథాన్‌లోని పిల్లో లైబ్రరీ ఇలాంటి సందర్భంలో వెంటనే ఎర్రర్ చూపి ఆగుతుంది. నేర్చుకునేవారికి అదే మేలు. విండోస్‌లో ఫోల్డరు పేరు తెలుగు అక్షరాల్లో ఉన్నా ఐఎంరీడ్ విఫలం కావచ్చు. కాబట్టి లోడ్ చేసిన వెంటనే ఇమేజ్ ఖాళీగా ఉందేమో పరీక్షించడం అలవాటు చేసుకోండి.

మరో విషయం. ఏ సూచనా ఇవ్వకపోతే ఐఎంరీడ్ ప్రతి ఇమేజ్‌నూ 8 బిట్ల, మూడు చానెళ్ల రూపంలోకి మారుస్తుంది. 16 బిట్ల ఎక్స్‌రేలోని సూక్ష్మమైన తేడాలు అక్కడే పోతాయి. ఉన్నది ఉన్నట్లుగా కావాలంటే అన్‌చేంజ్డ్ అనే సూచన ఇవ్వాలి.

5.4 నకలు తీయడం

అసలు చర్చనీయాంశం ఇదే. "బి = ఎ" అని రాస్తే పిక్సెళ్లు నకలు కావు. రెండు పేర్లూ ఒకే మెమరీని చూస్తాయి. బి మీద గీత గీస్తే ఎ మీదా పడుతుంది. ఇమేజ్‌లో కొంత భాగాన్ని వేరు చేసి తీసుకున్నా ఇదే జరుగుతుంది. రోగి ఎక్స్‌రే మీద గుర్తులు పెట్టే ప్రోగ్రాములో ఈ పొరపాటు జరిగి, ఫలితాన్ని అదే ఫైలులో భద్రపరిస్తే అసలు చిత్రం తిరిగి రాదు.

ఈ ఏర్పాటుకు బలమైన కారణం ఉంది. 640 × 480 రంగుల ఇమేజ్‌కు 9,21,600 బైట్లు కావాలి. సెకనుకు 30 ఫ్రేములు వచ్చే వీడియోలో, ప్రతి ఫంక్షన్‌కూ నకలు పంపితే వేగం దెబ్బతింటుంది. కాబట్టి పంచుకోవడం సమర్థనీయమే. సమర్థించలేనిది, ఆ సంగతిని సమాన చిహ్నం వెనుక దాచడం. సీ ప్లస్ ప్లస్‌లో కాన్‌స్ట్‌గా అందుకున్న మ్యాట్‌ను కూడా మరో పేరుకు అప్పగించి పిక్సెళ్లు మార్చవచ్చు. అంటే ఆ రక్షణ పేరుకే.

నిజమైన నకలుకు రెండు మార్గాలున్నాయి. క్లోన్ ఎప్పుడూ కొత్త మెమరీ తీసుకుంటుంది. కాపీటూ మాత్రం గమ్యస్థానంలో అదే కొలత, అదే రకం ఉంటే ఉన్న మెమరీలోనే రాస్తుంది. దాన్ని పంచుకుంటున్న ఇతర పేర్లకూ మార్పు చేరుతుంది. పైథాన్‌లో ఇమేజ్ నంపై పట్టిక కనుక కాపీ ఫంక్షన్‌ను వాడాలి.

5.5 మూల్యాంకనం

మెమరీ నిర్వహణలో, వేగంలో ఓపెన్‌సీవీ రూపకల్పన మెచ్చదగినది. తప్పు జరిగినప్పుడు గట్టిగా చెప్పడంలో మాత్రం అది వెనుకబడింది. అనుభవజ్ఞుడికి ఇచ్చిన స్వేచ్ఛకు మూల్యం కొత్తవారు చెల్లిస్తున్నారు. అందువల్ల అసలు ఇమేజ్‌ను మార్చే ముందు క్లోన్ తీయండి. వేగం చాలకపోతే, ఎక్కడ పంచుకోవచ్చో ఆలోచించి అక్కడ మాత్రమే తొలగించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. క్లోన్, కాపీటూల మధ్య తేడా ఏమిటి?
2. ఐఎంరీడ్ విఫలమైనప్పుడు ప్రోగ్రాము ఆగకపోవడం సమర్థనీయమా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.