కొంగ తల ఎత్తకముందే

గుడ్డికొంగ నిజానికి గుడ్డిది కాదు. మట్టిరంగు వీపును నమ్ముకుని, మెడ ముడుచుకుని, మనిషి బాగా దగ్గరికొచ్చేదాకా కదలదు కాబట్టి ఆ పేరు పడింది. లేచిందంటే మాత్రం అంతసేపూ దాచుకున్న తెల్ల రెక్కలు తళుక్కుమంటాయి. ఆ తళుకు కోసమే పొద్దున్నే కెమెరా పట్టుకుని మానేరు డ్యాం అంచుల్లో, చెరువు శిఖాల్లో పిట్టల్ని లేపేవాళ్లున్నారు. పిట్ట మేత మానిన క్షణంలో తీసిన ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా, నా లెక్కలో అది చెడిపోయిన ఫొటోనే.

ఇంత నీళ్లున్నాయి, ఇక్కడ లేస్తే అక్కడ వాలుతుంది కదా అంటారు. డ్యాం ఎంత విశాలమైనా, నీళ్లలో నడిచి మేసే పిట్టకు కాలి పొడవును మించిన లోతు పనికిరాదు. అలా మేసే ఉల్లంకి పిట్టలకు మిగిలేది తడి ఆరని సన్నటి బురద పట్టీ. మనం నిలబడేదీ సరిగ్గా అక్కడే. చలికాలంలో ఇక్కడ దిగే లిటిల్ స్టింట్ అనే చిన్న ఉల్లంకి బరువు సుమారు 25 గ్రాములు. ఉత్తర ధ్రువం దగ్గరి నేలల్లో పొదిగి, వేల కిలోమీటర్లు ఎగిరి వస్తుంది. బురద మీద ఏరుకున్న పురుగులే దానికి తిరుగు ప్రయాణపు బత్తెం. ఊరికే లేపిన ప్రతిసారీ అందులోంచే కొంత కరుగుతుంది.

బర్రెలు తిరగడం లేదా, చేపలు పట్టేవాళ్లు రావడం లేదా అన్న ప్రశ్న ఇంకా గట్టిది. కానీ బర్రె కాళ్ల దగ్గర లేచే మిడతల కోసం కొంగలే దాని వెంట పడతాయి. చేపలవాళ్ల చూపు వల మీద ఉంటుంది. తన మీదే చూపు నిలిపి, ఆగి ఆగి అడుగేసే మనిషి పిట్టకు వేటగాడిలాగే కనిపిస్తాడు. 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసిన సలీం అలీ నమూనాల కోసం తుపాకీ వాడారు, ఆనాటి శాస్త్ర పద్ధతి అది. చేతిలోది ఇప్పుడు కెమెరా కాబట్టి హాని లేదనుకోలేం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గూళ్లను, గుడ్లను కదిలించడాన్ని కూడా వేటగానే లెక్కగట్టింది.

పెద్ద లెన్స్ లేనివాళ్లకు దూరపు పిట్ట చుక్కలా పడుతుందన్నది నిజమే. అందుకు మందు ఓపిక. తెల్లవారకముందే వెళ్లి, పొద్దు వీపున పడేలా, కెమెరా నీటి మట్టానికి దించి కదలకుండా కూర్చోవాలి. పిట్ట తల ఎత్తి మేత ఆపితే మనమే వెనక్కి జరగాలి. నలుపు తెలుపు ఉల్లంకి గులాబీ పుల్లల్లాంటి కాళ్లు ఎత్తి ఎత్తి వేస్తూ, ముక్కుతో నీళ్లను పొడుస్తూ, తనంతట తానే ఇటు జరుగుతుంది. ఫొటోలో అది చిన్నగానే పడొచ్చు. దాని చుట్టూ అలలు విచ్చుకుంటాయి, నీడ రెండు ముక్కలవుతుంది, ముక్కు కొసన ఇంకా బురద ఉంటుంది.