తానై మేల్కొను యంత్రము

గడచిన వారము, కార్తికపు ముసురు మూడు దినములుగా ఎడతెగక కురియుచుండగా, మనుబోలుకు తూర్పుగా కండలేటి ఉప్పుటేటి గట్టుమీద మా మేనల్లుడు నడుపుచున్న పీతల చెరువు చూడబోయి, ఆ రాత్రి అక్కడి కావలి గుడిసెలోనే పరుండితిని. రెండుజాములు దాటిన పిమ్మట, మనుష్య సంచారమే లేని ఆ చీకటిలో, గుడిసె వెనుకనుండి ఒక జనరేటరు, ఎవరును తాడు లాగకయే, రెండుమారులు దగ్గి, మూడవమారు గర్జించి నడువసాగెను. నేను ఉలికిపడి లేచి కూర్చుండగా, కావలివాడు కన్నయినను తెరువక, “ఏం లేదు సామీ, బ్యాటరీలు దిగినాయి, అదే లేసింది. అదే ఆగిపోద్ది, పడుకోండి” అని అటు తిరిగి పరుండెను.

నాకు మరల నిద్ర పట్టలేదు, కోపము పట్టెను. ఈ శీర్షికను విడువక చదువు పాఠకులకు ఆటో స్టార్టరుమీద నాకు గల పాతపగ తెలియనిది కాదు. వ్యవసాయపు బోర్లకు ఆ పెట్టె తగిలించి రైతు ఇంట నిద్రించుటయు, కరెంటు వచ్చిన క్షణమున ఊరిలోని మోటార్లన్నియు ఒక్కుమ్మడి లేచి ట్రాన్స్‌ఫార్మరుమీద పడుటయు, మడి నిండినను నీరు పొర్లుచుండుటయు ఎన్నిమారులు ఇచ్చట వ్రాసి మిమ్ము విసిగించితినో! తెలంగాణ ప్రభుత్వము 2018 జనవరి 1 నుండి సేద్యమునకు 24 గంటల విద్యుత్తు నొసగుచు, ఆటో స్టార్టర్లను తొలగింపుడని రైతులను కోరినపుడు, నా వాదమునకు రాజముద్ర పడినదని పొంగిపోయినవాడను.

ఆ కోపములోనే మా పెదనాయన ఆయిలింజను జ్ఞప్తికి వచ్చెను. కరెంటు రాకమునుపు మా బావిమీద నుండెడి ఆ డీజిలు యంత్రమును లేపుట యొక క్రతువు. సిలిండరులోని గాలి బిగువును వదలించు మీటను ఎడమచేత ఎత్తిపట్టి, కుడిచేత ఇనుప హ్యాండిలును బరువైన చక్రము వేగ మందుకొనువరకు త్రిప్పి త్రిప్పి, సరియైన క్షణమున మీట వదలవలెను. క్షణము తప్పెనా, ఇంజను ఎదురుతన్నును. మా పెదనాయన కుడి మణికట్టు అట్లే విరిగి, వంకరగానే అతుకుకొనెను. బొటనవ్రేలిని హ్యాండిలు చుట్టు బిగింపక మిగిలిన వ్రేళ్ళ ప్రక్కనే యుంచవలెననునది పిల్లలమగు మాకు ఆయన నేర్పిన తొలి యంత్రశాస్త్రము. అంత శ్రమపడి లేపిన ఇంజనును మడి తడియగానే ఆపుట ఆయనకు సహజము. చేయి నొచ్చినవానికి నూనె విలువ తెలియును. యంత్రము తానే లేచునాడు ఈ వివేకము నశించునని నా దృఢవిశ్వాసము.

తెల్లవారిన పిమ్మట ఈ యుపన్యాసమంతయు మేనల్లునిపై కుమ్మరించితిని. వాడు నవ్వి, “తిట్టే ముందర దాని లెక్క చూడండి మామా” అని కంట్రోలరు పెట్టె విప్పి చూపెను. మనుబోలు చుట్టుపట్ల నాలుగు లక్షల వోల్టుల తీగలు ఆకాశమున సాగిపోవుచున్నను, వానినుండి ఒక గుడిసెకు దీపము తీసికొనుట సాధ్యము కాదు. ఊరి లైను ఆ గట్టువరకు రాలేదు. కావున సోలారు పలకలు, 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీలు నాలుగు, వరుసగా కలిపి 48 వోల్టులు. లెక్కకు ఏడు యూనిట్ల పైచిలుకు నిలువయే గాని, సీసపు బ్యాటరీని సగముకంటె దించిన దాని యాయువు క్షీణించును గనుక, వాడదగినది మూడున్నర యూనిట్లు. నెల్లూరిసీమకు ప్రధానవర్షము ఈశాన్య ఋతుపవనము తెచ్చునదే యగుటచే, ఈ మాసమున సూర్యుడు దినముల తరబడి కానరాడు. ఆ దినములకొరకే ఆ చిన్న పెట్రోలు జనరేటరు.

వోల్టేజి 48కి దిగినంత మాత్రమున అది లేవదు. పంపు మొదలైనపుడు వోల్టేజి క్షణకాలము క్రుంగి తేరుకొనును గనుక, ఆ దిగుడు పది నిమిషములు నిలిచినగాని కంట్రోలరు దానిని నమ్మదు. చోకు వేసి, అయిదు సెకనులు త్రిప్పి, విరామమిచ్చి మరల త్రిప్పును. మూడవమారును లేవనిచో ఊరకుండి గంట మ్రోగించును. లేచిన వెంటనే భారము మోపక, ఇంజను వేడెక్కుటకు రెండు నిమిషములు తాళి, అటుపిమ్మట చార్జరును కలుపును. బ్యాటరీలు నూటికి ఎనుబదియైదు పాళ్ళు నిండి, ఆపైన కరెంటు గ్రహించుట మందగింపగానే ఆగిపోవును. మిగిలిన పదిహేను పాళ్ళకు గంటలకొలది పెట్రోలు తగులబెట్టుట దండుగ, దానిని మబ్బు విడిననాడు ఎండయే నింపును.

ఇది వినిన పిమ్మట నా పాతపగకు నోరు మూతపడెను. బోరుమీది పెట్టె కరెంటు దొరికినదని లేచును. ఇది అక్కర కలిగినదని లేచుచున్నది. మా పెదనాయన వివేకము ఆయన చేతి నొప్పిలో నున్నదని ఇన్నాళ్ళు భ్రమించితిని. అది ఎప్పుడు లేపవలెను, ఎప్పుడు ఆపవలెను అను లెక్కలో నుండెను. నిరుటివరకు ఈ కావలివాడు అర్ధరాత్రి వానలో గొడుగుతో పోయి తాడు లాగెడివాడట; అలసి లేవలేకపోయిన రాత్రులలో నిలువ మిక్కిలి దిగి రెండు బ్యాటరీలు చెడెనట. వాని నిద్రను సోమరితనమనుటకు నాకిప్పుడు నోరు రాదు.

అయినను, ఇట్టిది పెట్టుకొనబోవు వారికి ఒక్క మనవి. తానై లేచు యంత్రమును మూసిన గదిలోగాని వసారాలోగాని ఉంచకుడు; దాని పొగలోని కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు, నన్ను లేపిన చప్పుడువలె అది నిద్రించువానిని లేపదు. ఆయిలు చూచుటకైనను సరే, దానిపై చేయి వేయుటకు ముందు, మా పెదనాయన మణికట్టును ఒక్కమారు తలచుకొని, ఆటో స్విచ్చి ఆపి, స్టార్టరు బ్యాటరీ తీగ ఊడదీయుడు.