ఊరి పని గీసే పరుగు దారి

నిజామాబాద్ జిల్లా ధర్పల్లిలో పొద్దుగాల పరుగుకు బయలుదేరేవాళ్లు ఎన్ని కిలోమీటర్లన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు తెలుసుకోవాల్సింది ఏ దిక్కున ఏ పని నడుస్తోందన్నది. రామడుగు వైపు రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటే ఆ వారం అటు పోవద్దు. పసుపు తవ్వే చేన్ల పక్క బాటలో ట్రాక్టర్లు తిరుగుతుంటే కాలువ కట్ట ఎక్కాలి. పట్నంలో పార్కు చుట్టూ తిరిగేవాళ్లకు దారి ఏడాదంతా ఒక్కటే. మనకు కార్తె మారితే దారీ మారుతుంది. ఇన్నేళ్లుగా ఈ ఊళ్ల మధ్య పరుగెత్తుతున్న నాకు అదే ఈ సాధనలోని గొప్ప సంగతి అనిపిస్తుంది. పల్లెలో పరుగు దారిని గీసేది ఊరి పనే. అది తెలుసుకుని పరుగెత్తితే ఊరూ మనల్ని కలుపుకుంటుంది.

మృగశిరతో మొదలుపెడతాను. తొలకరి పడగానే ఇక్కడి రైతులు పసుపు పెడతారు, సాళ్ల మధ్య మక్క వేస్తారు. నల్లరేగడి తడిసిందంటే బూటుకు ముద్దలుగా అంటుకుంటుంది, అడుగడుగుకూ కాలు బరువెక్కుతుంది, మడమ మెలిక పడే ప్రమాదం ఉంటుంది. అందుకే వానాకాలమంతా సీసీ రోడ్లు, బీటీ రోడ్లే మేలు. ఆగస్టు వచ్చేసరికి మక్క మనిషి ఎత్తు దాటి మలుపుల్లో ఎదురొచ్చే బండిని కనపడనివ్వదు. అట్లాంటి చోట పరుగు ఆపి నడవాలి. మక్క కోత అయిపోయాక చూపు మళ్లీ దూరం పోతుంది. నడుమెత్తు పసుపు ఆకు, గట్ల మీద తెల్లటి గునుగు, పచ్చటి తంగేడు. బతుకమ్మ దగ్గరపడిందని క్యాలెండరు చూడకుండానే తెలిసిపోతుంది.

ఆ వెనకనే వరి కోతలు వస్తాయి. రోడ్డు మీద వడ్లు పోస్తే దారి పోయిందని విసుక్కునేవాళ్లు అవి అక్కడికెందుకు వచ్చాయో ఒక్కసారి ఆలోచించాలి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించకూడదు. హార్వెస్టరు కోసిన వడ్లు పచ్చిగా, అంతకంటే ఎక్కువ తేమతో వస్తాయి. వెనకటి కల్లాలు చాలా ఊళ్లలో లేవు, ఎండకు తొందరగా వేడెక్కే తావు తారురోడ్డే. ఆరు నెలల కష్టం ఆ రోడ్డు పక్కన పలుచగా పరిచి ఉంటుంది. దాని మీద అడుగు పెట్టడం మాట అటుంచి, పక్కనుంచి దుమ్ము లేపుతూ పోవడం కూడా తప్పే. ఇంకో సంగతి, కుప్పల చుట్టూ పెట్టిన రాళ్లు, కప్పిన నల్ల టార్పాలిన్లు చీకట్లో కనపడవు. ఆ నెలల్లో తెల్లగా తెల్లవారాకే బయలుదేరాలి, లేదంటే వేరే బాట పట్టాలి.

జనవరి నుంచి మార్చి దాకా ఈ ప్రాంతంలో పరుగుకు మించిన సుఖం లేదు. చలి తగ్గుతుంటుంది, మట్టి బాట గట్టిపడి ఉంటుంది, దుమ్ము ఇంకా లేవదు. పసుపు ఆకు ఎండి కోతకొస్తుంది, తవ్వకం మొదలవుతుంది. తవ్విన పసుపును కొమ్ము వేరు, మండ వేరు చేసి ఉడకబెడతారు. ఇదివరకు పెద్ద కడాయిల్లో ఉడికేది, ఇప్పుడు చాలాచోట్ల ఆవిరి బాయిలర్లు వచ్చాయి. ఆ ఆవిరి వాసన పొలాలు దాటి బాట మీదికొస్తుంది. ఉడికినదాన్ని కల్లంలో రెండు వారాలకు పైగా ఆరబెట్టి, డ్రమ్ములో తిప్పి మెరుగు పెడితే గాని నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోదు. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైనప్పటి నుంచి ఈ పంట మాట పేపర్లలో ఎక్కువగా కనపడుతోంది. పేపర్లో ధర చూస్తాం. ఈ బాటల్లో రోజూ పరుగెత్తితే ఆ ధర కోసం తొమ్మిది నెలలు వంగిన నడుములను చూస్తాం.

ఎండాకాలం మాట చెప్పనక్కర్లేదు. 45 డిగ్రీలు దాటడం ఈ జిల్లాకు కొత్త కాదు. రోహిణి కార్తెలో సూర్యుడు గుట్ట మీదికి రాకముందే ఇల్లు చేరాలి. ఆ రోజుల్లో చెరువు కట్టలు మంచి దారులు. చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ 2015 మార్చిలో అప్పటి మన జిల్లాలోనే, సదాశివనగర్‌లో మొదలైంది. పూడిక తీసి కట్టలు గట్టిచేసిన చెరువుల మీద నీటి పక్కన గాలి చల్లగా తగులుతుంది, కాలికి మట్టి మెత్తగా ఉంటుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది కొంచెమే. బీటీ రోడ్డు మీద ఎప్పుడూ కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కనపడేటట్టు పరుగెత్తాలి. రోడ్డు అంచులు నీరు జారడానికి వాలుగా ఉంటాయి కాబట్టి ఎంతసేపూ ఒకే అంచున పోతే ఒక కాలి మీద భారం పడుతుంది. వీలైన చోట మొరం బాటకు దిగాలి. పక్కవాళ్లతో మాట్లాడుతూ పోగలిగినంత వేగం చాలు. ఆయాసంతో మాట తెగిపోతుంటే నెమ్మదించాలి. ఇందల్వాయి దగ్గరి 44వ నంబరు జాతీయ రహదారి లారీలది, దాని జోలికి పోవద్దు. చెవుల్లో పాటలు పెట్టుకోవద్దు, వెనక నుంచి వచ్చే ట్రాక్టరు చప్పుడు వినాలి. కుక్కలు వెంటబడితే ఉరకొద్దు. ఆగి, నెమ్మదిగా నడిచి వాటి వాడ దాటాలి. తండా మొదట్లో ఒక అవ్వ నాకు రోజూ గుర్తుచేస్తుంది, ‘బిడ్డా, ఈడ పిల్లల తల్లి కుక్క ఉన్నది, పైలం’ అని. ‘సరే అవ్వా’ అని నడక అందుకుంటాను. ఏ పరుగు పుస్తకంలోనూ దొరకని సమాచారం అది.

ఇక్కడ నా మనసుకు దగ్గరైన మాట ఒకటి చెప్పాలి. మన పల్లెల్లో అన్నిటికంటే మంచి పరుగు దారులు బండ్ల బాటలు. ఊరి నక్షలో అవి గీతలుగా ఉంటాయి, పొలాలకు, వాగుకు, పక్క ఊరికి పోయే దారులుగా. ఎడ్లబండ్లు తగ్గాక వాటి మీద నడక తగ్గింది. నడక తగ్గిన చోట ఏటా ఒక సాలు అటు నుంచి, ఒక సాలు ఇటు నుంచి దున్నుకుంటూ వస్తే బాట సన్నబడుతుంది, చివరికి ముళ్లకంప మిగులుతుంది. నష్టం పరుగెత్తేవాళ్లకు కొంచెం, రైతులకు చాలా. లోపలి చేను నుంచి పసుపు బస్తాలు బయటికి తేవడానికి దారి లేక పక్క రైతును బతిమాలుకోవాల్సి వస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1949లో చట్టం చేసి పొలాల మధ్య కాలిబాటలను పటాలకెక్కించారు, వాటి మీద ఎవరైనా నడవొచ్చు. మన నక్షల్లో బాటలు ముందే ఉన్నాయి. కావాల్సిందల్లా వాటిని తుమ్మకంప నుంచి విడిపించడం, మళ్లీ వాడకంలోకి తేవడం.

వాడకానికి మనుషులు లేరా అంటే ఉన్నారు. పోలీసు నోటిఫికేషన్ పడిందంటే తెల్లవారుజామున మన రోడ్లన్నీ పిల్లలతో నిండిపోతాయి. 2022 నోటిఫికేషన్‌లో అబ్బాయిలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలన్నారు. ఆ సెకన్ల కోసం వాళ్లు పడే కష్టానికి నేను దండం పెడతాను. కొలువు వచ్చినవాళ్లు వెళ్లిపోతారు, రానివాళ్లలో చాలామంది ఆ రోజుతో పరుగు మానేస్తారు. నా బాధంతా ఇక్కడే. పరుగును పరీక్షకు కట్టేస్తే పరీక్షతోనే పోతుంది. ఓడిపోయినవాళ్లకు పరుగు కూడా ఓటమి గుర్తుగా మిగిలిపోతుంది. అది అన్యాయం. ఆ కాళ్లు సంపాదించుకున్న బలం ఏ నియామక బోర్డు ఇచ్చిందీ కాదు, ఏ బోర్డూ తీసుకోలేదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫలితం ఏదైనా వారానికి మూడు పొద్దులు ఆ బాటను వదలకండి.

అమ్మాయిల విషయంలో ఊరు ఇంకొంచెం ముందుకు రావాలి. మన పక్క సిరికొండ మండలంలోని పాకాల నుంచి వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ 14 ఏళ్లు నిండకముందే, 2014 మే 25న, ఎవరెస్టు ఎక్కింది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ బాక్సింగ్ విజేత అయిన నిఖత్ జరీన్ నిజామాబాద్ బిడ్డ. వాళ్ల ఫొటోలు బడి గోడల మీద పెట్టుకుంటాం, మంచిదే. కాని మన ఇంటి అమ్మాయి పొద్దుగాల బూట్లు కట్టుకుంటే ఎవరేమంటారోనని తలుపు దగ్గర ఆపుతాం. నలుగురైదుగురు కలిసి పోయేటట్టు చూస్తే, ఊరి పెద్దలు బాట మీద ఒక మంచి మాట అంటే ఆ భయం పోతుంది. పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే అక్కలకూ, వదినలకూ ఈ బాట కావాలి. పరుగు అక్కర్లేదు, మాట్లాడుకుంటూ గట్టిగా నడిస్తే చాలు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు.

ప్రపంచమంతటి నుంచి పరుగువీరులు వెతుక్కుంటూ పోయే ఇటెన్ కూడా చిన్న ఊరే. కెన్యాలో సుమారు 2,400 మీటర్ల ఎత్తున, మక్క చేన్ల మధ్య ఎర్రమట్టి బాటలున్న ఊరు. ఆ ఎత్తు మనకు లేదు. మక్క చేన్లున్నాయి, మట్టి బాటలున్నాయి, ఆశపడే పిల్లలున్నారు.

అందుకే గ్రామ పంచాయతీకి, గ్రామాభివృద్ధి కమిటీ (వీడీసీ) పెద్దలకు నా విన్నపం ఇది. యాసంగి కోతలు ముగిసి, తొలకరి పడకముందు చేన్లు ఖాళీగా ఉండే రోజులుంటాయి. నక్ష ముందు పెట్టుకుని, ఇరుపక్కల రైతులను పిలిచి, ఊరికి ఒక్క బండ్ల బాటనైనా ఆ రోజుల్లో కంప కొట్టించి, మొరం పోయించండి. కంప కొట్టడానికి పరుగెత్తే పిల్లలందరినీ పిలవండి, నేనూ వస్తాను. ఆ బాట మీద ముందు రైతు ట్రాక్టరు పోవాలి. పసుపు బస్తాలు దాటాక, పక్కకు జరిగి నిలబడ్డ మనమందరం పరుగెత్తుదాం.