పట్టూ విడుపూ తెలిసిన గీత

ఈ పుస్తకం గీసిన అమ్మాయి పేరు అట్టమీదే ఉంది కాబట్టి ఇక్కడ మళ్ళీ రాయను. నాకు మాత్రం ఆమె మా వీధి చివరింటి పిల్ల. చిన్నప్పుడు మా అరుగుమీద సుద్దముక్కతో బొమ్మలు వేసేది. వాన వచ్చి చెరిగిపోతే ఏడ్చేది. మొన్న వేసవిలో అట్టపెట్టె నిండా కాగితాలు పట్టుకొచ్చి, "మాస్టారూ, తీరిగ్గా చూడండి, నచ్చితేనే రాయండి" అని నా మంచం పక్కన పెట్టి వెళ్ళింది. రెండు రాత్రులు కూర్చుని చదివాను. మూడోనాడు పొద్దున్నే మళ్ళీ మొదటి బొమ్మ నుంచి మొదలుపెట్టాను.

ఇవి పిల్లలకి మితం గురించి, పట్టువిడుపుల గురించి చెప్పే కార్టూన్ కథలు. ఈ రెండూ పిల్లలకి చెప్పడం ఎంత కష్టమో ముప్పై ఏళ్ళకి పైగా బడిలో పాఠాలు చెప్పినవాడిని, నాకు తెలుసు. అబద్ధం ఆడకు, ఒకరి వస్తువు ముట్టుకోకు అంటే పిల్లలకి అర్థమవుతుంది. అక్కడ గీత కనబడుతుంది. కానీ "కొంచెమే తిను" అంటే కొంచెం ఎంత? "కాసేపే ఆడుకో" అంటే ఎంతసేపు? పొద్దున పట్టుదల ఉండాలంటాం, సాయంత్రం మొండితనం పనికిరాదంటాం. రెండింటికీ తేడా ఎక్కడుందో మనమే విడమరిచి చెప్పలేం. అతి వద్దు అన్న మాట సంస్కృతంలో చెప్పినా తెలుగులో చెప్పినా పిల్లల చెవికి అది మరో "వద్దు" మాత్రమే.

ఈ అమ్మాయి ఆ తేడాని మాటల్లో చెప్పడానికి పూనుకోలేదు. మొదటి కథే చూడండి. ఆరు గడులు. కొత్తావకాయ కలిపిన రోజు. మొదటి గడిలో కుర్రాడు కంచంలో అన్నం మీద ఆవకాయ గుట్టపోసుకుంటాడు. రెండో గడిలో మొదటి ముద్ద. మూడో గడిలో వాడి నాలుక కంచం దాటి, పీట దాటి, గడప దాటి, నూతి దాకా పాకుతుంది. నాలుగో గడి అంతా చెవుల్లోంచి వచ్చే పొగ. ఐదో గడిలో నాయనమ్మ వస్తుంది. ఒక్క మాటా అనదు, గరిటెడు ముద్దపప్పు వేసి, నెయ్యి వేసి, కంచం పక్కకి తిప్పి పెడుతుంది. ఆరో గడిలో వాడు కళ్ళు మూసుకుని తింటున్నాడు. నన్ను కట్టిపడేసింది ఆ ఆరో గడే. కంచంలో ఆవకాయ ఇంకా ఉంది. గుట్ట లేదు, చిటికెన వేలంత ఎర్రటి చార ఉంది. నాయనమ్మ దాన్ని తీసి పారెయ్యలేదు. మితం అంటే మానెయ్యడం కాదని ఆ ఎర్ర చార చెప్పినంత బాగా నేను ఏ తరగతిలోనూ చెప్పలేకపోయాను.

మితం నేర్పడానికి కార్టూన్ ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. కార్టూన్ బతికేదే అతి మీద కదా. ముక్కు కాస్త పొడుగుంటే మూరెడు చేస్తుంది, పొట్ట కాస్త ఉంటే బానంత చేస్తుంది. తలిశెట్టి రామారావు గారు భారతి పత్రికలో బొమ్మలు వేసిన రోజుల నుంచీ తెలుగు కార్టూన్ పని అదే. ఆయన పుట్టినరోజు మే 20ని మన కార్టూనిస్టులు తమ దినోత్సవంగా జరుపుకుంటారు. నా నమ్మకం ఏమిటంటే, అతిని కంటికి చూపించే శక్తి ఉన్నది గనకే మితం గురించి మాట్లాడే హక్కు కార్టూన్‌కి ఉంది. పిల్లవాణ్ణి నిలబెట్టి "నువ్వు తిండిపోతువి" అంటే వాడి మనసు ముడుచుకుపోతుంది. నూతి దాకా సాగిన నాలుకని చూపిస్తే నవ్వుతాడు. ఆ నవ్వులోనే "నేనూ ఇంతే కదా" అన్న ఎరుక వస్తుంది. ఎవరూ వేలెత్తి చూపకుండా తన కొలత తనే చూసుకుంటాడు. ముళ్ళపూడి వెంకటరమణ గారు రాయగా బాపు గారు గీసిన బుడుగుని చూసి ఎన్ని ఇళ్ళలో పిల్లలు తమని తాము గుర్తుపట్టుకున్నారో నా తరం వాళ్ళకి తెలుసు. బాపు గారి గీత ఎంత పొదుపైనదో కూడా తెలుసు. భావంలో అతి, గీతలో మితం. ఈ అమ్మాయి గీతలోనూ ఆ పొదుపు ఉంది.

రెండో సంగతి పట్టువిడుపు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి.

పిల్లల ఆలోచన ఎలా మలుపు తిరుగుతుందో కనిపెట్టడానికి ఫిలిప్ జెలాజో అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు 1996లో ప్రచురించిన ఒక పరీక్ష ఉంది. కుందేలు, పడవ బొమ్మలున్న ఎర్ర, నీలం కార్డుల్లాంటివి పిల్లలకిచ్చి, ముందు రంగుని బట్టి వేరు చెయ్యమంటారు. చేస్తారు. తర్వాత ఆట మారిందని చెప్పి, ఈసారి బొమ్మని బట్టి వేరు చెయ్యమంటారు. మూడేళ్ళ పిల్లల్లో ఎక్కువమంది మళ్ళీ రంగుని బట్టే వేస్తారు. ఐదేళ్ళు వచ్చేసరికి చాలామంది సులువుగా మారగలుగుతారు. నేను రంగు కాగితాలు కత్తిరించి మా మనవడితో ఈ ఆట ఆడాను. వాడికప్పుడు మూడు నిండి రెండు నెలలు. "ఇప్పుడు కుందేళ్ళు ఎక్కడ వెయ్యాలి నాన్నా?" అంటే వేలు పెట్టి సరిగ్గా చూపించాడు. కార్డు చేతికివ్వగానే పాత చోటే వేశాడు. మళ్ళీ అడిగాను, మళ్ళీ సరిగ్గా చూపించాడు, మళ్ళీ పాత చోటే వేశాడు. నోటికి తెలిసింది చేతికి తెలియలేదు. వాడు మొండికెయ్యడం లేదు. వాడి మొహంలో ఆ ఛాయే లేదు. పాత దారి వాణ్ణి అలా పట్టుకుని ఉంది, అంతే. ఆ పూట నేను ఎన్నడో మందలించిన ఎందరో పిల్లలు కళ్ళముందు కదిలారు. ఎంతసేపు చెప్పినా వినవేం అన్నాను వాళ్ళని. విన్నారు పాపం. విన్నదానికీ చేసేదానికీ మధ్య ఉన్న దూరం దాటించడం నా పని అని నాకే తెలియలేదు.

ఈ పుస్తకంలో గాలిపటం కథ ఆ దూరాన్ని దాటిస్తుంది. సంక్రాంతి రోజు, హైదరాబాదులో ఒక మేడ మీద అన్నాచెల్లెళ్ళు. అన్న గాలిపటాన్ని లాగుతూనే ఉంటాడు. పట్టు వదిలితే ఓడిపోతానని వాడి భయం. గాలి పెరుగుతుంది. దారం బిగిసి వేళ్ళు ఎర్రబడతాయి. చెల్లెలు పక్కన చరఖా పట్టుకుని "ఢీల్ ఇవ్వురా అన్నయ్యా" అంటుంది. దారం వదలడాన్ని అక్కడి పిల్లలు అలాగే అంటారు. వాడు ఇవ్వడు, తెగిపోతుంది. రెండో గాలిపటం చెల్లెలి చేతికొస్తుంది. ఆమె వదులుతుంది, కాస్త లాగుతుంది, మళ్ళీ వదులుతుంది. ఇక్కడ గీత ఎంత అందంగా ఉందంటే, దారం బిగిసిన గడుల్లో గీతని స్కేలు పెట్టినట్టు గీసి, వదిలిన గడుల్లో వేలితో తాకితే ఊగేలా వేసింది. వదలడం అంటే ఓడిపోవడం అనుకునే పిల్లవాడికి, వదిలినప్పుడే గాలిపటం పైకి పోతుందని కన్ను చెబుతుంది. పట్టువిడుపు అన్న మాటలో పట్టు ముందుంది, విడుపు వెనక ఉంది. రెండూ తెలిసిన చెయ్యే చెయ్యి. ఎవరేమన్నా తలూపే మెతకదనాన్ని ఈ పుస్తకం ఎక్కడా మెచ్చుకోదు. అది నాకు చాలా నచ్చింది. తోటిపిల్లవాణ్ణి ఏడిపిస్తున్న గుంపులో చేరనని భీష్మించుకున్న అమ్మాయి కథ ఒకటి ఉంది. అక్కడ విడుపు మాటే లేదు.

సెల్‌ఫోన్ కథ లేకుండా ఈ రోజుల్లో పిల్లల పుస్తకం ఉండదు. చాలామంది ఫోనుకి కొమ్ములూ కోరలూ పెట్టి రాక్షసుణ్ణి చేస్తారు. ఇక్కడ అలా లేదు. పిల్లవాడు "ఇంకో ఐదు నిమిషాలు" అంటుంటాడు, గోడ గడియారంలో ముల్లు తిరుగుతుంటుంది. చివరి గడిలో, ఒక మూలన చిన్నగా, బంతి పట్టుకుని అదే పిల్లవాడు గుమ్మంలో నిలబడి ఉంటాడు. కుర్చీలో తండ్రి ఫోను చూస్తూ "ఐదు నిమిషాలు నాన్నా" అంటుంటాడు. ఈ పుస్తకం పెద్దవాళ్ళు కూడా చదవాలని నేననడానికి ఆ మూల బొమ్మే కారణం.

పిల్లల నిగ్రహం పెద్దల నడతని బట్టి కూడా ఉంటుందనడానికి శాస్త్రం అండ ఉంది. మార్ష్‌మాలో మిఠాయి ముందు పెట్టి, ఆగితే రెండోది ఇస్తామని పిల్లల్ని పరీక్షించిన వాల్టర్ మిషెల్ ప్రయోగం లోకమంతటికీ తెలిసిందే. తర్వాత అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు 28 మంది చిన్నపిల్లలతో దానికి ముందు ఇంకో మెట్టు చేర్చారు. పాత క్రేయాన్లు ఇచ్చి, కాసేపు ఆగితే మంచివి తెస్తామన్నారు. సగం మందికి తెచ్చిచ్చారు, సగం మందికి "లేవమ్మా, సారీ" అన్నారు. ఆ తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న పెద్దల దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన పెద్దల దగ్గర 3 నిమిషాలే. పిల్లవాడికి నిగ్రహం లేదని మనం తేల్చేసే చోట, చాలాసార్లు మన మాటకి విలువ లేకపోవడం ఉంటుందన్నమాట. ఇక బొమ్మలతో మితం నేర్పడమంటారా, అమెరికాలో 1969 నుంచి వస్తున్న సెసమీ స్ట్రీట్ కార్యక్రమంలో కుకీ మాన్‌స్టర్ అని ఒక నీలి బొమ్మ ఉంది. బిస్కట్టు కనబడితే చాలు ఊడ్చేస్తుంది. 2013లో ఆ కార్యక్రమం వాళ్ళు ఆ బొమ్మకే ఆగడం నేర్పడానికి పూనుకున్నారు. తిండిపోతు అని దాన్ని తీసెయ్యకుండా, దానితోనే నేర్పించారు. ఆవకాయని కంచంలో ఉంచిన నాయనమ్మ బుద్ధే అది.

ఇక గడికీ గడికీ మధ్య ఉండే ఖాళీ గురించి. 1947 జూలైలో చందమామ మొదలయ్యాక, బేతాళ కథలు చదివి పెరిగిన ఇళ్ళలో మాదీ ఒకటి. బేతాళుడి ప్రశ్న రాగానే మా అక్క మిగతా పేజీ మీద అరచెయ్యి కప్పేది. "ముందు మీరు చెప్పండి" అనేది. నలుగురం నాలుగు జవాబులు చెప్పేవాళ్ళం. విక్రమార్కుడు చెప్పేది తరచూ ఐదోది అయ్యేది. అక్క చెయ్యి కప్పిన ఆ రెండు నిమిషాల్లోనే మాకు ఆలోచించడం వచ్చింది. కార్టూన్‌లో ప్రతి రెండు గడుల మధ్యా అలాంటి అరచెయ్యి ఒకటి ఉంటుంది. ముందు ఇలా ఉంది, తర్వాత అలా ఉంది. మధ్యలో ఏం జరిగిందో పిల్లవాడే ఊహించాలి. ఇది మనకి కొత్తదేం కాదు. అమరావతి శిల్పాల్లో నలగిరి ఏనుగు ఫలకం చెన్నై మ్యూజియంలో ఉంది. ఒకే గుండ్రటి రాతిలో ఏనుగు రెండుసార్లు కనబడుతుంది. ఒకపక్క మదమెక్కి మనుషుల మీద పడుతూ, ఇంకోపక్క బుద్ధుడి ముందు మోకరిల్లి. ఆ రెండు ఏనుగుల మధ్య జరిగిన మార్పుని శిల్పి చెక్కలేదు. చూసేవాళ్ళకి వదిలాడు.

ఒక్కచోట మాత్రం నాకూ ఈ అమ్మాయికీ మాట పట్టింపు వచ్చింది. చివరి కథల్లో రెండింట తాతగారు మరీ ఎక్కువ మాట్లాడుతున్నారని, బొమ్మ చెప్పింది చాలని, ఆ మాటల బుడగలు తీసెయ్యమని అన్నాను. ఒకటి తీసేసింది. రెండోది ఉంచింది. "ఇంట్లో ఇలా మాట్లాడే తాతలు లేని పిల్లలు కూడా చదువుతారు కదా మాస్టారూ" అంది. ఆ మాట న్యాయంగా తోచింది. ఉంచమన్నాను.

చివరగా నా గుండెలో చాలాకాలంగా ఉన్న ఒక సంగతి. ఒక ఏడాది ఆరో తరగతి పరీక్షలో, పంచతంత్రంలోని తాబేలూ హంసల కథ ఇచ్చి నీతి రాయమన్నాను. హంసలు చెరో కొసా పట్టుకున్న కర్రని తాబేలు నోటితో కరుచుకుని ఎగురుతూ, నోరు తెరిచి పడిపోయే కథ. అందరూ వాగుడు చేటని రాశారు. ఒక పిల్లవాడు మాత్రం "తాబేలుకి మాట్లాడకుండా ఉండడం రాదని హంసలకి ముందే తెలుసు. నోటితో కాకుండా కాళ్ళతో కర్రని వాటేసుకోమని చెప్పాల్సింది" అని రాశాడు. నేను ఎర్రసిరాతో అడ్డంగా కొట్టి సున్నా వేశాను. వాడు పేపరు తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, ఏమీ అనకుండా వెళ్ళి కూర్చున్నాడు. ఆ ఏడాది మళ్ళీ ఏ ప్రశ్నకీ వాడు తన సొంతమాట రాయలేదు.

ఈ పుస్తకంలో ఆఖరి కథ ఆ తాబేలుదే. ఐదు గడుల్లో కథ అంతా మనకి తెలిసిందే, తాబేలు నోరు తెరవబోయేదాకా. ఆరో గడి ఖాళీ. చుట్టూ గీత మాత్రం ఉంది, లోపల ఏమీ లేదు. పిల్లలు గీసుకోవడానికని వదిలానంది ఈ అమ్మాయి. అట్టపెట్టె తిరిగి ఇచ్చే ముందు, నా దగ్గరున్న కాపీలో ఆ గడిలో పెన్సిలుతో నేనూ ఒక బొమ్మ వేశాను. చెయ్యి వణికి హంసల మెడలు వంకర తిరిగాయి. తాబేలు మాత్రం నాలుగు కాళ్ళతో కర్రని గట్టిగా వాటేసుకుని, నోరారా మాట్లాడుతూ పోతోంది.