గవర్నరు పేర వ్రాసిన విన్నపములు : పాఠవిమర్శ

రాజకార్యాలయములలోని జాబులు చరిత్రకారునకు బనికివచ్చునే గాని సాహిత్యవిమర్శకునకు వానితో బనిలేదను నభిప్రాయము మన పండితులలో గొందఱికి గలదు. ఈ యభిప్రాయము సగమే సత్యము. జాబును నొక రచనయే. దానికి వక్త గలడు, శ్రోత గలడు, ప్రయోజనము గలదు. ఏది ముందు చెప్పవలెనో, యేది మఱుగుపఱుపవలెనో తలపోసియే మనుష్యుడు రాజు పేర జాబు వ్రాయును. ఆ తలపోతను గుర్తింపక జాబునందలి విషయమును మాత్రమే యేఱుకొనువాడు తఱచుగా మోసపోవును. ఈ మాటకు నిదర్శనముగా, అమెరికా సంయుక్తరాష్ట్రములలోని మిసిసిపీ రాష్ట్రమున 1875వ సంవత్సరమున గవర్నరు అడెల్బర్టు ఏమ్సునకు జేరిన జాబులను బరిశీలింతము.

ముందుగా సందర్భము తెలియవలెను. 1861 మొదలు 1865 వఱకు జరిగిన యంతర్యుద్ధమున దక్షిణరాష్ట్రము లోడిపోయినవి, బానిసతనము రద్దయినది. అటుపిమ్మట 1877 వఱకు గల కాలమునకు బునర్నిర్మాణకాలమని పేరు. ఓడిన రాష్ట్రములను మరల సంయుక్తరాష్ట్రములలో జేర్చుకొనుటయు, విముక్తులైన నల్లవారికి బౌరహక్కుల నొసగుటయు నీ కాలపు ముఖ్యకార్యములు. మిసిసిపీ రాష్ట్రమునకు గాంగ్రెసులో మరల స్థానము 1870 ఫిబ్రవరిలో లభించెను. ఆ రాష్ట్రమున నల్లవారే యధికసంఖ్యాకులు. వారి వోట్ల బలిమిచే రిపబ్లికను పక్షమున 1873లో నెన్నికయి, 1874 జనవరిలో నధికారము వహించినవాడు ఏమ్సు. ఇతడు 1835లో ఉత్తరపు మెయిను రాష్ట్రమున బుట్టినవాడు. యుద్ధమున నుత్తరసేనలో జనరలు పదవి కెక్కినవాడు.

అతని పాలనమునకు మొదటి గట్టిదెబ్బ విక్సుబర్గు నగరమున దగిలినది. 1874 డిసెంబరులో, ఎన్నికయైన నల్లజాతి షెరీఫు పీటరు క్రాస్బీని సాయుధులైన తెల్లవారు పదవినుండి వెడలగొట్టిరి. ఆ కలహమున నల్లవారు పెక్కండ్రు హతులైరి. మఱుసటి జనవరిలో నధ్యక్షుడు గ్రాంటు కేంద్రసైన్యమును బంపగా క్రాస్బీ మరల పదవి నందెను. 1875 సెప్టెంబరు 1వ తేదీని యాజూ పట్టణమున రిపబ్లికనుల సభపై దాడి జరిగి, షెరీఫు ఆల్బర్టు మోర్గను రాజధానియైన జాక్సనునకు బాఱిపోవలసి వచ్చెను. 4వ తేదీని క్లింటను గ్రామమున నట్టిదే యింకొక సభ రక్తసిక్తమయ్యెను. పల్లెలనుండి నల్లవారు ప్రాణములు దక్కించుకొన జాక్సనునకు బరువెత్తిరి. జాబులు వెల్లువలుగా వచ్చిపడినది యీ సమయముననే.

ఈ జాబులను నాలుగు తెగలుగా విభజింపవచ్చును. షెరీఫులు మున్నగు నుద్యోగులు వ్రాసిన నివేదికలు మొదటి తెగ. నల్లజాతి పౌరులు ఒంటిగానో గుంపుగానో వ్రాసిన విన్నపములు రెండవ తెగ. పన్నుల భారమును గూర్చియు, నుద్యోగుల యసమర్థతను గూర్చియు తెల్లవారైన భూస్వాములు చేసిన ఫిర్యాదులు మూడవ తెగ. 1875 జనవరిలో జాక్సనునందు గూడిన పన్నుచెల్లింపుదారుల సభ యీ ధోరణికి బహిరంగరూపము. కేంద్రప్రభుత్వమునుండి వచ్చిన ప్రత్యుత్తరములు నాలుగవ తెగ. వీనిలో రెండవ తెగయు నాలుగవ తెగయు బ్రక్కప్రక్కల నుంచి చదివినప్పుడే యీ సంపుటమునందలి యసలు విషయము గోచరించును.

విక్సుబర్గునందలి నల్లవారు పంపిన విన్నపము నొకదానిని జూడుడు. రాత్రివేళ సైనికవేషములు దాల్చి తెల్లవారు వీథులలో దిరుగుచున్నారనియు, నల్లవారిని బ్రాణభయముతో బరుగెత్తించుచున్నారనియు, రక్షణార్థము సైన్యము రానిచో దాము వోటే వేయమనియు దాని సారము. ఇందు స్తోత్రము లేదు, బిరుదావళి లేదు, దైన్యమును బెంచు విశేషణములు లేవు. మొదట గంటితో జూచినది, పిమ్మట దానివలన గలిగిన భయము, తుదకు దాము చేయబోవునది. మూడవ భాగము విన్నపమువలె గనబడును గాని నిజమున కది హెచ్చరిక. నిన్ను గద్దె నెక్కించినది మా వోటే. దానిని నీవు కాపాడనిచో నది నీకును దక్కదు అని యా పౌరులు గవర్నరునకు నెమ్మదిగా దెలిపిరి. ఇది బానిస ప్రభువు నడుగు తీరు గాదు, పౌరుడు తన యుద్యోగి నడుగు తీరు. పది సంవత్సరములకు బూర్వము వీరిలో బెక్కండ్రు క్రయవిక్రయములకు లోబడిన వస్తువులని తలచినచో నీ వాక్యనిర్మాణమునందలి గౌరవము తేటపడును.

యాజూ ప్రాంతమునుండి వచ్చిన మఱియొక జాబు దీనికంటె దారుణమైనది. ఇంకను నాఱుగురిని ఉరిదీసిరనియు, రిపబ్లికనులను వోటుచీటీలు పొందనీయుట లేదనియు వ్రాసి, జాబు ముగింపబోవు క్షణముననే పోరాటము మొదలయినదనియు, నిద్దఱు చచ్చిరనియు వ్రాసినవాడు చేర్చినాడు. పిమ్మట సహాయమను మాట మాటిమాటికి వచ్చును. వాక్యము తెగిపోవును. అలంకారశాస్త్రజ్ఞులు పునరుక్తిని దోషములలో జెప్పి, భయసంభ్రమాదులందు నదియే గుణమగునని మినహాయించిరి. ఆ మినహాయింపున కింతకంటె స్పష్టమైన యుదాహరణము దొరకుట కష్టము. ఇచ్చట పునరుక్తి కవి కల్పించినది గాదు. కాగితముమీద నడుగిడిన వాస్తవమే యది.

ఇక పాఠపరిష్కరణమును గూర్చిన ప్రశ్న. ఈ జాబులందు వర్ణక్రమదోషములు మెండు. విరామచిహ్నములు తఱచుగా నుండవు. వీనిని ముద్రించువాడు దోషములను దిద్దవలెనా, యున్నవి యున్నట్లే యుంచవలెనా? తాళపత్రగ్రంథములను బరిష్కరించు మన పండితులకు నీ చిక్కు కొత్తది గాదు. లేఖకుని ప్రమాదమును దిద్దుట న్యాయమే; ఏలన నచ్చట మూలము వేఱు, ప్రతి వేఱు. ఇచ్చట నట్లు గాదు. వ్రాసినవాని చేతివ్రాతయే మూలము. దక్షిణరాష్ట్రములు పెక్కింట యుద్ధమునకు బూర్వము బానిసలకు జదువు చెప్పుట శాసనములచే నిషిద్ధము. అట్టి నిషేధము తొలగిన పదియేండ్లలో నొకడు గవర్నరునకు దనంతట దాను జాబు వ్రాయగలిగెనన్న విషయమును, నా తప్పు వ్రాతయే మనకు జెప్పుచున్నది. దానిని దిద్దినచో వ్రాత శుద్ధమగును గాని సాక్ష్యము చెడును. కావున మూలము నున్నదున్నట్లు ముద్రించి, యర్థము తెలియనిచోట గ్రింద వివరణము వ్రాయుటయే సరియైన పద్ధతి.

అయితే దీనికి విపరీతమైన దోషము నొకటి కలదు. తప్పు వ్రాతనే ముచ్చటగా భావించి, యదియే నల్లవారి సహజమైన కంఠమని మెచ్చుకొనుట యది. మొదటిది తిరస్కారమైనచో రెండవది తిరస్కారమునకు వేసిన పూత. ఆ కాలమునందే మిసిసిపీ నల్లవారిలో శాసనసభ్యులు, ఉపాధ్యాయులు, మతబోధకులు నుండిరి. జాన్ లించి యా రాష్ట్రపు శాసనసభకు స్పీకరుగా నుండి, పిమ్మట సంయుక్తరాష్ట్రముల కాంగ్రెసున సభ్యుడయ్యెను. వర్ణక్రమము వ్రాసినవాని యవకాశమును దెలుపును. వివేకమును గొలుచుట కది సాధనము గాదు.

ఇప్పుడు నాలుగవ తెగను జూతము. సెప్టెంబరు 8వ తేదీని ఏమ్సు కేంద్రసైన్యము గోరుచు వాషింగ్టనునకు దంతి నంపెను. రాష్ట్రమున నంతఃకలహము చెలరేగినప్పుడు శాసనసభ గాని, యది కూడుటకు వీలులేనిచో గవర్నరు గాని, కోరినచో గేంద్రము రక్షింపవలెనని సంయుక్తరాష్ట్రముల రాజ్యాంగము నాలుగవ యధికరణము చెప్పుచున్నది. 14వ తేదీని అటార్నీ జనరలు ఎడ్వర్డ్సు పియరుపాంటు ప్రత్యుత్తరము వ్రాసెను. అందు అధ్యక్షుడు గ్రాంటు తనకు వ్రాసిన మాటలు గొన్ని యుదాహరింపబడినవి. దక్షిణమున నేటేట శరత్కాలమున జెలరేగు నీ యల్లరులతో దేశమంతయు విసిగినదను వాక్యము వానిలో బ్రసిద్ధమైనది. ఆపైన రాష్ట్రమునందలి బలముతోనే శాంతిని నిలుపుమని పియరుపాంటు సలహా. మిసిసిపీ పౌరులు తమ హక్కులకై పోరాడు ధైర్యమును జూపవలెనని ప్రోత్సాహము.

విసుగును గూర్చిన యా వాక్యము నొక్కదానినే తెంచి యుదాహరించుట చరిత్రగ్రంథములలో నాచారమయిపోయినది. శాంతి నెలకొననిచో బ్రకటన వెలువరింపక తప్పదనియు, నట్లు వెలువడినచో సైన్యాధిపతి కఠినముగా వర్తింపవలెననియు గూడ గ్రాంటు మాటలు గలవు. కాబట్టి జాబు సాంతముగా జదివినవానికి గానవచ్చునది కేవలనిరాకరణము గాదు, షరతుతో గూడిన వాయిదా. ఇట్లనుటచే గేంద్రప్రభుత్వమునకు దోషవిముక్తి కలుగదు. నిరాకరించినచో గవర్నరు వేఱుమార్గము వెదకుకొనును. వాయిదా వేసినచో నెదురుచూచును. ఎన్నిక లింక నేడు వారములే దూరమున నుండగా, సాయుధశత్రువుల నడుమ నున్నవానికి వాయిదా నిరాకరణముకంటె హానికరము.

భాషలోని మార్పును గమనింపుడు. యాజూ జాబులో నుఱిదీయబడినవారి సంఖ్య కలదు, చచ్చినవారి సంఖ్య కలదు, ఆ క్షణమున మొదలయిన పోరాటము కలదు. గవర్నరు తంతిలో నవి రాజ్యాంగపదములుగా మాఱినవి. వాషింగ్టను ప్రత్యుత్తరమున నవి యేటేట వచ్చు నల్లరులు; ఋతుధర్మమువంటివి. ఋతువు వచ్చుటకు గర్త యుండడు. మెట్టు మెట్టునకు జంపినవాడును జచ్చినవాడును వాక్యమునుండి తొలగిపోయి, విసిగినవాడు మాత్రము మిగిలెను. ఒక్కొక్క జాబును విడివిడిగా జదివిన చరిత్రకారునకు నీ క్రమము దొరకదు.

విన్నపములలో నతిశయోక్తి యుండదా యని ప్రశ్నింపవచ్చును. ఉండవచ్చును. భయపడినవాడు విన్నదానిని గూడ జూచినదానివలె జెప్పును. కావున పరీక్ష యావశ్యకము. ఆ పరీక్ష జరిగియే యున్నది. 1876లో సెనేటుసభ నియమించిన జార్జి బౌట్వెలు సంఘము మిసిసిపీ యెన్నికలను విచారించి, యిరుపక్షముల సాక్షులను బ్రశ్నించి, రెండు సంపుటముల నివేదికను బ్రకటించెను. గవర్నరునకు వచ్చిన జాబులు గొన్ని యందు ముద్రితములు. నల్లవారే యధికముగా గల యాజూ మండలమున 1875 నవంబరు ఎన్నికలలో రిపబ్లికనులకు వచ్చిన వోట్లు 7 మాత్రమే. జాబు వ్రాసినవాడు వర్ణక్రమమున దప్పినాడు గాని విషయమున దప్పలేదని యీ యొక్క యంకె చాటుచున్నది.

అయినను వీరి సాక్ష్యమునకు జరిత్రకారులు చాలకాలము విలువ నీయలేదు. 1901లో జేమ్సు గార్నరు ప్రకటించిన మిసిసిపీ పునర్నిర్మాణచరిత్ర పరిశ్రమతో గూడినదే కాని, నల్లవారి పాలనార్హతను శంకించు నాటి విశ్వవిద్యాలయపు దృష్టినుండి బయటపడలేదు. 1913లో లించి స్వానుభవముతో దానికి బ్రతిగా గ్రంథము వ్రాసెను. 1935లో డబ్ల్యు. ఇ. బి. డూబాయిసు, ఈ కాలపు ముఖ్యసాక్షియైన విముక్తుడే న్యాయస్థానమునకు రానీయబడలేదని యెత్తిచూపెను. 1956లో సెనేటరు జాన్ కెనెడీ తన గ్రంథమున ఏమ్సు పాలనమును నిందింపగా, గవర్నరు కుమార్తె పలుమార్లు ప్రతివాదము చేసి, తుదకు 1964లో దండ్రి చరిత్రమును దానే ప్రకటించెను.

ఏమ్సు నిర్దోషి యని యీ వ్యాసమున కభిప్రాయము గాదు. అక్టోబరులో నతడు ప్రతిపక్షనాయకులతో శాంతియొడంబడిక చేసికొని, కూర్చిన కొద్దిపాటి రాష్ట్రసేనను విరమింపజేసెను, యొడంబడిక నిలువలేదు. నల్లజాతివారిని రెండవ దాస్యమునకు మరల్చుచున్నారని యా నెలలోనే భార్యకు వ్రాసికొనెను. తన కందిన విన్నపముల యర్థ మతనికి దెలియునని యా మాట సాక్ష్యము. క్రొత్త శాసనసభ యభియోగము మోపగా 1876 మార్చి 29వ తేదీని రాజీనామా చేసి రాష్ట్రమును విడిచి, 1933 వఱకు జీవించెను. విన్నపములు వ్రాసినవారికి విడిచిపోవుటకు వేఱు రాష్ట్రము లేదు. 1890 నాటి మిసిసిపీ రాజ్యాంగము వారి వోటుహక్కును శాసనముచేతనే హరించెను.

కాబట్టి యీ జాబులను జదువువాడు మూడు నియమములు పాటింపవలెను. పాఠమును దిద్దరాదు. ప్రత్యుత్తరమును విన్నపమునుండి వేఱుచేసి చదువరాదు. ప్రసిద్ధవాక్యమును దాని షరతులనుండి తెంపరాదు. ఇవి పాఠవిమర్శకు సామాన్యనియమములే. కావ్యమున వీనిని మీఱినచో రసభంగము. ఇచ్చట మీఱినచో జచ్చినవాని సాక్ష్యమును రెండవమాఱు త్రోసిపుచ్చినట్లగును.